వర్జ్యం దాటినా కదలని ఉత్తరం

నేను రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. నాకు ముప్ఫై మూడేళ్ళు. మామూలుగా మనిషి రిటైరై ఉద్యోగం మిగులుతుంది. నా విషయంలో ఉద్యోగమే రిటైరై నేను మిగిలాను. బందరులో నేను ఐదేళ్ళు చేసిన పని ఇప్పుడు ఎక్కడా లేదు, ఇక ఉండదు కూడా. ఇప్పుడు సర్వర్లు చూసుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, మీ రోజుల్లో పెద్ద తప్పు ఏం చేశారు, ఎలా దిద్దుకున్నారు అని. మొదటి ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. రెండోదానికి లేదు. ఉన్నంతవరకు రాస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఓనరు గారు బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఈమెయిలు సెంటర్లు పెట్టారు. ఒక్కో సెంటర్లో ఒక లినక్స్ యంత్రం, ఒక మోడెం, మూడు టెర్మినళ్ళు, చప్పుడు చేసే ఒక ప్రింటరు. జనానికి సొంత మెయిల్ అడ్రసులు ఇంకా అంతగా లేవు. కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు, లేదా ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్ళు. మేం టైపు చేసి మా పేరుతో పంపేవాళ్ళం. కస్టమర్ పేరు ఉత్తరం లోపల ఉండేది. జవాబు వస్తే ప్రింటు తీసి గూట్లో పెట్టేవాళ్ళం. రోల్డ్ గోల్డ్ నగల వర్తకులు, పెడన అద్దకం వాళ్ళు, బంటుమిల్లి రొయ్యల రైతులు, పెళ్ళి సంబంధాల కోసం జాతకాలు పంపుకునే పెద్దమనుషులు మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఈ కథకి కావలసిన సాంకేతిక విషయం ఒక్కటే ఉంది. అది చెప్పేస్తాను. మేం టైపు చేసి పంపమనగానే ఉత్తరం నేరుగా ఫోను తీగ ఎక్కదు. ముందు ఒక చిన్న ఫైలై ఒక డైరెక్టరీలో పడుతుంది. ఆఫీసుల్లో బల్ల మీద పంపవలసిన కాగితాలు వేసే ట్రే ఉంటుంది చూడండి, అలాంటిది. అందులోంచి ఉత్తరాలు ఏరుకోవడానికి మెయిల్ సర్వర్‌లో తెరవెనక ఒక ప్రోగ్రాం నడుస్తూ ఉంటుంది. దాని పేరు పికప్. మేం బంట్రోతు అనేవాళ్ళం. బంట్రోతుకి మూడు నియమాలు.

ఒకటి, నిమిషానికోసారి, లేదా పిలిస్తే వెంటనే, వచ్చి ట్రే చూస్తుంది. దొరికినవి తీసుకుని లోపలి ప్రోగ్రాముకి అప్పజెప్పి, ట్రే ఖాళీ చేసి పోతుంది.

రెండు, పూర్తయిందన్న గుర్తు లేని ఫైలుని ముట్టుకోదు. ఎవరో ఇంకా రాస్తూ ఉండగా సగం ఉత్తరం పట్టుకుపోకూడదు కదా. గుర్తు లేకపోతే అడగదు, అరవదు, తన చిట్టా అయిన లాగ్‌లో ఒక్క ముక్క రాయదు. పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంది.

మూడు, ఫైలు ఎవరి లాగిన్‌తో ట్రేలో పడిందో వాళ్ళ పేరే పంపినవారిగా వేస్తుంది. మా దగ్గర అలా అమర్చుకున్నాం. ఒకరి ఉత్తరం ఇంకొకరు వెయ్యడం కుదరదు.

బందరు సెంటర్లో మేం ఇద్దరం. యంత్రం నాది, టైపింగ్, రసీదులు అతనివి. అతని పేరు రాయను. పేరుతో నేను ఎప్పుడూ పిలవలేదు కూడా. చేరిన వారంలోనే బావా అన్నాడు, నేనూ బావా అన్నాను, చుట్టరికం ఏమీ లేదు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. దివిసీమలో సముద్రం పక్క ఊరు. తండ్రి లేడు, తల్లి అవనిగడ్డలో ఎండుచేపలు అమ్మేది. ఈడేపల్లిలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. పొద్దున్నే ఒకే సైకిలు మీద కోనేరు సెంటరు దాకా వచ్చి, పది అడుగుల దూరంలో వెనక్కీ ముందుకీ కూర్చుని, సాయంత్రం అదే సైకిలు మీద వెళ్ళేవాళ్ళం. ఆదివారం మంగినపూడి. సముద్రం వాడికి కొత్త కాదు, నాకోసం వచ్చేవాడు. ఒడ్డున కూర్చుని పడవల్ని చూసి ఏ వల వేస్తారో చెప్పేవాడు. నేను కాగితం మీద రాసుకునేవాణ్ణి.

నాకు అన్నీ రాసుకోవడం అలవాటు. వాడికి ఏదీ రాసుకోకుండానే గుర్తుండేది. ఏ కస్టమరు ఏ మాట వాడతాడో, ఎవరి ఉత్తరంలో ఎంత మర్యాద ఉండాలో వాడికి తెలుసు. ఒకసారి బంటుమిల్లి నుంచి రొయ్యల రైతు వచ్చాడు. చెరువులో గాలి తిప్పే యంత్రం కంపెనీ వాళ్ళు ఇంకా పంపలేదు.

"కాస్త కోపంగా రాయి అబ్బాయ్" అన్నాడు.

"ఎంత కోపంగా రాయమంటారండీ?"

"మళ్ళీ మనకి సరుకు ఇవ్వాలి. కానీ చదవగానే సిగ్గుపడాలి."

"అంటే మావయ్య కోపమన్నమాట. ఎస్సై కోపం కాదు."

"అదీ! అదే రాయి."

బావ రాశాడు. వారంలో యంత్రం వచ్చింది. ఆ రైతు బుట్టెడు రొయ్యలు తెచ్చి బల్ల మీద పెడితే ప్రింటరు కాగితాలు మూడు రోజులు వాసన కొట్టాయి.

వర్జ్యం సంగతి ఒక నగల వర్తకుడితో మొదలైంది. కూతురి జాతకం పంపాలి. టైపింగ్ అయ్యాక గడియారం చూసి, "ఇప్పుడు పంపొద్దు బాబూ, వర్జ్యం ఉంది, పన్నెండు దాటనీ" అన్నాడు. పన్నెండింటికి మళ్ళీ టైపు చెయ్యాలంటే కష్టం. నాకు బంట్రోతు రెండో నియమం గుర్తొచ్చింది. ఫైలుని ట్రేలో వేసి గుర్తు పెట్టకుండా వదిలేస్తే అది ముట్టుకోదు. వర్జ్యం పోయాక గుర్తు పెడితే నిమిషంలో తీసుకుపోతుంది. రెండు లైన్ల ప్రోగ్రాం రాశాను. ఊళ్ళో ఈ సంగతి పాకింది. బందరులో మా సెంటరుకి వచ్చిన మంచి పేరులో సగం ఈ రెండు లైన్లదే. పంచాంగం చూసి పంపే సెంటరు ఇంకెక్కడుంది?

దాని మీద ఒక వాదన కూడా జరిగింది. ఉత్తరం ప్రయాణమైంది అని ఎప్పుడు అనాలి? టైపు చేసినప్పుడా, మోడెం డయల్ చేసినప్పుడా? ఒక పురోహితుడు గారు స్వయంగా వచ్చి అడిగారు. బావ కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు.

"బంట్రోతు చేతికి వెళ్ళినప్పుడేనండీ. అప్పటిదాకా అది మనింట్లో ఉన్నట్టే. గడప దాటితేనే కదా ప్రయాణం."

పురోహితుడు గారు ఒప్పుకున్నారు.

ఆపి ఉంచిన ఉత్తరాలకి నేను ఒక నోటుబుక్కు పెట్టాను. వరస సంఖ్య, ఎవరిది, ఎన్నింటికి వదలాలి, వదిలినట్టు టిక్కు. రెండేళ్ళలో నాలుగు పుస్తకాలు నిండాయి. ఒక్క ఉత్తరం కూడా ట్రేలో మిగిలిపోలేదు. దీని గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం అని ఇప్పుడు రాస్తున్నాను.

బావకి వైజాగ్‌లో ఒక పెద్ద సంస్థ నుంచి ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు. అంతకుముందు రెండుసార్లు పరీక్ష రాసి పోగొట్టుకున్నాడు. వయసు పరిమితి ప్రకారం ఇదే ఆఖరి ఏడాది. చేరతానని అంగీకారపత్రం మెయిల్‌లో పంపాలి, అది కూడా అభ్యర్థి పేరున్న అడ్రసు నుంచే, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా. లేకపోతే వరసలో తర్వాతివాడికి ఇస్తారు. కాగితంలో అంత స్పష్టంగా ఉంది.

ఆ కాగితం వచ్చిన సాయంత్రం మెస్సులో వాడు మాటిమాటికీ తీసి చూసుకున్నాడు.

"బావా, అక్కడ సర్వర్లకి ఒక గదంతా ఉంటుందంట. చెప్పులిప్పి లోపలికెళ్ళాలంట. గుడి లాగా."

"నీ చెప్పులకి అక్కడైనా విశ్రాంతి" అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పూట పెరుగన్నం సగంలో వదిలేశానని గుర్తు.

బుధవారం ఉదయం వాడు ఉత్తరం టైపు చేశాడు. ఇంతలో అవనిగడ్డ నుంచి వాళ్ళమ్మ ఎస్టీడీ బూతులోంచి ఫోను చేసింది. ఆవిడ గొంతు పక్క గది దాకా వినిపించేది.

"ఒరే, ఒంటిగంటన్నర దాకా వర్జ్యమంటరా. దాటాకే పంపు. నా మాట విను."

"సరేనే అమ్మా, అలాగే. చేపలు ఎవరన్నా ఎత్తుకుపోతారు, వెళ్ళు కొట్టుకి" అన్నాడు. ఫోను పెట్టి నాతో, "మనం పెట్టిన దుకాణం మన నెత్తికే వచ్చింది" అన్నాడు.

పదకొండింటికి వాడు రిపేరైన ప్రింటరు పట్టుకుని అవనిగడ్డ బ్రాంచికి వెళ్ళాలి. వెళ్ళే ముందు తన లాగిన్‌తో ఉత్తరం ట్రేలో వేసి, గుర్తు పెట్టకుండా వదిలాడు. యంత్రం నా చేతిలో ఉంటుంది కాబట్టి ఎవరి ఫైలుకైనా గుర్తు పెట్టే అధికారం నాకుంది.

"ఒంటిగంటన్నరకి వదిలెయ్యి బావా. పుస్తకంలో రాసుకో."

"నీది కూడా రాసుకోవాలా? గుర్తుండదా ఏంటి?" అన్నాను.

ఆ రోజు అదే వర్జ్యానికి ఆగిన ఉత్తరాలు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి పెడన అద్దకం ఆయనది, ఒకటి ఒక టీచరమ్మది. రెండూ పుస్తకంలో ఉన్నాయి. సరిగ్గా ఒంటిగంటన్నరకి రెండిటికీ గుర్తు పెట్టాను. బంట్రోతు వచ్చి తీసుకెళ్ళడం తెర మీద చూశాను. రెండు టిక్కులు పెట్టి పుస్తకం మూశాను. ట్రేలో మూడో ఫైలు ఉందో లేదో చూడలేదు.

సాయంత్రం వాడు వచ్చాడు. అలవాటుగా, వెళ్ళిన ఉత్తరాల రసీదుల కట్ట తిరగేశాడు. ఏమీ అడగలేదు. గురువారం కూడా ఏమీ అడగలేదు. మామూలుగా పనిచేశాం, మామూలుగా తిన్నాం. ఆ రాత్రి వాడు వైజాగ్ గురించి మాట్లాడలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున రోడ్డు తవ్వేవాళ్ళు ఎక్కడో కేబులు తెంపారు. బందరు నుంచి బయటికి ఒక్క ఫోనూ లేదు. మా మోడెం విజయవాడకి డయల్ చేసేది, అదీ లేదు. పన్నెండున్నరకి పని లేక ఊరికే కూర్చున్నాం. అప్పుడు అడిగాడు, ప్రింటరు మీద దుమ్ము తుడుస్తూ, నా వైపు చూడకుండా.

"బావా, నా ఉత్తరం వెళ్ళిందా?"

ట్రే తెరిచి చూశాను. ఒకే ఒక ఫైలు ఉంది. బుధవారం పదకొండింటికి కాస్త ముందు పడిన ఫైలు, గుర్తు లేకుండా. రెండు రోజులుగా నిమిషానికోసారి బంట్రోతు దాని పక్కనుంచి నడిచి వెళ్ళింది. మూడువేల సార్లు దాకా.

"మర్చిపోయాను" అన్నాను.

వాడు తుడిచే గుడ్డ మడత పెట్టాడు. "టైమెంత?" అన్నాడు.

గుడివాడ లైనులు వేరే దారిలో వెళ్తాయి. అక్కడి మా బ్రాంచిలో ఇలాంటి యంత్రమే ఉంది, మా ఇద్దరికీ అక్కడ లాగిన్లు ఉన్నాయి. ఉత్తరం ఫ్లాపీలో ఎక్కించాను. సెంటరుకి తాళం వేసి, తలుపు మీద 'లైను లేదు' అని చీటీ అంటించి, ఒంటిగంట పది బస్సు పట్టుకున్నాం. పెడన దగ్గర రైలు గేటు పడింది. గేటు అవతల తీగల మీద అద్దకం బట్టలు ఆరేసి ఉన్నాయి. గూడ్సు బండి ఎంతకీ అయిపోదు. నేను పెట్టెలు లెక్కపెడుతున్నాను.

"ఎన్ని?" అన్నాడు.

"ముప్ఫై నాలుగు. ఇంకా ఉన్నాయి."

"అవన్నీ గుర్తుంటాయి నీకు" అన్నాడు.

అది నిష్ఠూరమో మామూలు మాటో వాడి ముఖం చూసి తెలుసుకోలేకపోయాను. కానీ ఆ మాటతో నాలో ఏదో తెగింది. గేటు ఎత్తి బస్సు కదిలాక చెప్పాను.

"బావా, నేను మర్చిపోలేదు."

వాడు కిటికీలోంచి చూస్తున్నాడు.

"మర్చిపోలేదంటే, గుర్తుంచుకుని ఆపలేదు కూడా. ఏం చేశానో నాకే తెలీదు. మిగతా రెండూ పుస్తకంలో రాశాను. నీది రాయబుద్ధి కాలేదు. రాస్తే వదలాలి. వదిలితే నువ్వు వెళ్తావు."

కౌతవరం వచ్చింది. కండక్టరు వచ్చి టిక్కెట్లు ఉన్నాయా అని అడిగి, మా ముఖాలు చూసి మళ్ళీ అడగకుండా వెళ్ళిపోయాడు.

"బుధవారం సాయంత్రమే చూశాన్రా" అన్నాడు బావ చివరికి. "రసీదు లేదు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. గురువారం కూడా చూశాను. అమ్మని వదిలి వెళ్ళాలని నాకు మాత్రం ఉందా ఏంటి? నువ్వు చెప్పకపోతే, నేను అడగకపోతే, ఉత్తరం ఆగిపోయిందనుకుని ఇద్దరం ఊరుకోవచ్చులే అని కూడా అనిపించింది. ఇవాళ పొద్దున లేచాక మాత్రం, ఊరుకుంటే జీవితాంతం నీ ముఖం చూడలేనని అర్థమైంది" అన్నాడు.

ఫ్లాపీ ఉన్న చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

గుడివాడలో దిగేసరికి రెండున్నర దాటింది. బ్రాంచి చూసుకునే అక్క గుమ్మంలో విసనకర్రతో కూర్చుని ఉంది.

"ఏంటి అల్లుళ్ళిద్దరూ చెప్పకుండా దిగారు?" అంది. సంగతి చెప్పాను, సగం. "కరెంటు ఇప్పుడే పోయింది. నాలుగింటికి గానీ రాదు. బ్యాటరీ పాడైందని మీ ఓనరుకి నెల నుంచీ మొత్తుకుంటున్నాను. మజ్జిగ తాగండి."

ఎదురుగా ఫోను బూతు ఉంది. బావ వైజాగ్‌కి ఫోను చేశాడు. ఎవరో గుమాస్తా ఎత్తాడు. మెయిల్ వస్తేనే లెక్క, ఐదింటికి వచ్చిన మెయిళ్ళు చూసి లిస్టు కడతాం, ఫోను మాట చెల్లదు అన్నాడు. బావ "సరేనండీ, థాంక్సండీ" అని పెట్టేశాడు.

గంటన్నర ఆ వరండాలో కూర్చున్నాం. అక్క మజ్జిగ ఇచ్చింది, తర్వాత మామిడికాయ ముక్కలు ఉప్పూకారంతో ఇచ్చింది, తర్వాత మా ముఖాలు చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను మనసులో లెక్కలు వేసుకుంటున్నాను. యంత్రం లేవడానికి ఐదు నిమిషాలు. ఫైలు ట్రేలో పడడానికి ఒకటి. బంట్రోతుకి ఎక్కువలో ఎక్కువ ఒకటి. మోడెం కలవడానికి, ఒక్కసారికి కలిస్తే, రెండు. సాయంత్రం వేళ ఒక్కసారికి ఎప్పుడూ కలవదు. బావ ఏ లెక్కా వెయ్యడం లేదు. రోడ్డు మీద ధాన్యం బస్తాల లారీలు చూస్తున్నాడు.

నాలుగూ ఎనిమిదికి కరెంటు వచ్చింది. అలవాటు కొద్దీ యంత్రం ముందు కుర్చీలో నేను కూర్చున్నాను. ఫ్లాపీ పెట్టాను. నా లాగిన్ కొట్టబోతుంటే భుజం మీద చెయ్యి పడింది.

"లే బావా. నువ్వు వేస్తే నీ పేరుతో వెళ్తుంది."

నిజమే. మూడో నియమం నేను పెట్టుకున్నదే. కుర్చీ ఇచ్చి పక్కన నిలబడ్డాను. వాడు కూర్చున్నాడు. లాగిన్ అయ్యాడు. ఉత్తరం తెర మీదకి తెచ్చి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివాడు. వేళ్ళు కీల మీద పెట్టి ఆగాడు. ఆ ఆగడం ఎంతసేపో నేను కొలవలేదు. నేను కొలవని సమయం నా జీవితంలో అదొక్కటే ఉండొచ్చు. అక్కడ నేను అనగలిగిన మాట ఒకటి ఉంది. వెళ్ళు బావా, అని. అది కూడా అనలేదు. వాడే నొక్కాడు.

లాగ్‌లో లైను పడింది. పికప్, పక్కన వాడి పేరు. ట్రే ఖాళీ. మోడెం మొదటిసారి ఎంగేజు. రెండోసారి కలిసి తెగిపోయింది. అక్క తలుపు దగ్గర నిలబడి "వెంకటేశ్వరస్వామీ" అంటోంది. మూడోసారి గరగరమని పాట పాడి కలిసింది. నాలుగూ నలభై ఒకటికి అటువైపు సర్వర్ తీసుకున్నట్టు జవాబు వచ్చింది. వాడు రసీదు ప్రింటు తీసుకుని, చింపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

బయటికి వచ్చాక, "నేను ఇటునుంచి ఇటే అవనిగడ్డ వెళ్తాను బావా. అమ్మకి చెప్పాలి. సోమవారం వస్తా" అన్నాడు. నేను ఒక్కణ్ణే బందరు బస్సు ఎక్కాను.

మనసులో ఉన్నది సోమవారం చెప్పాలనుకున్నాను. ఏం చెప్పాలో వరసగా కాగితం మీద రాసుకున్నాను కూడా, ఏడు విషయాలు. ఆ కాగితం పనికి రాలేదు. వాడు వచ్చేసరికే ఓనరు గారు వచ్చి కూర్చుని ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం సెంటరు మూసి ఇద్దరూ ఎక్కడికి పోయారని అడుగుతున్నారు. లైను లేదండీ అంటే, లైను లేకపోతే తాళం వేస్తారా అన్నారు. గుడివాడ అక్క తనకి తెలిసినదంతా ఫోనులో చెప్పేసింది.

"అయితే ఉత్తరం రెండు రోజులు ట్రేలో పడుందన్నమాట. నలుగురి ఉత్తరాలకి పంచాంగం చూసే సెంటర్లో ఇదా పద్ధతి? ఎవరు మర్చిపోయింది?"

నేను నోరు తెరిచాను. బావ నాకన్నా ముందు తెరిచాడు.

"నేనేనండీ. గుర్తు పెట్టి వదలమని వీడికి చెప్పకుండానే అవనిగడ్డ వెళ్ళిపోయాను. వీడు లేకపోతే ఉద్యోగం పోయేదండీ. గుడివాడ దాకా తీసుకెళ్ళాడు పాపం."

ఓనరు గారు నవ్వేశారు. "వైజాగ్ వెళ్ళేముందే మతి వైజాగ్ వెళ్ళిపోయిందన్నమాట" అన్నారు. నా వైపు తిరిగి, "నీ పుస్తకం మాత్రం పుస్తకమేనోయ్, దాని జోలికి వెళ్ళనివ్వకు ఎవర్నీ" అన్నారు.

నేను నిజం చెప్పడానికి ఆ పూట మూడు అవకాశాలు వచ్చాయి. ఓనరు గారు కళ్ళజోడు తుడుచుకున్నప్పుడు ఒకటి. టీలు వచ్చి, ఎవరికి చక్కెర లేకుండా అని గొడవ పడ్డప్పుడు ఒకటి. ఆయన లేచి చెప్పులు వేసుకుంటూ, "సరే, మీలో మీరు సర్దుకోండి" అన్నప్పుడు ఒకటి. మూడుసార్లూ నేను తెర వైపు చూశాను.

ఆయన వెళ్ళాక, "ఎందుకలా చెప్పావు?" అని అడిగాను.

"వెళ్ళేవాణ్ణి నేను. నా మీద పడితే ఏం పోతుంది? నువ్విక్కడే ఉండాలి కదా" అన్నాడు. ఆ మాట కోపంగా అని ఉంటే నేను ఇదంతా రాసి ఉండేవాణ్ణి కాదు. ప్రింటరులో కాగితం సరిచేస్తూ, మామూలుగా అన్నాడు.

వెళ్ళేలోపు ఉన్న మూడు రోజుల్లో తన పనంతా నాకు చెప్పాడు. ఏ కస్టమరుకి ఎలా రాయాలో, ఎవరు ముక్కుసూటిగా మాట్లాడితే నొచ్చుకుంటారో, ఎవరు నొచ్చుకున్నట్టు నటిస్తారో చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆ తర్వాత మూడేళ్ళు ఆ కాగితాలు చూసుకుంటూ టైపు చేశాను. ఉత్తరాల్లో తప్పులు ఉండేవి కావు. కానీ బంటుమిల్లి రైతు ఒకరోజు చదివించుకుని, "బాగానే ఉంది గానీ, ఆ అబ్బాయి రాసినట్టు లేదయ్యా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

గురువారం పొద్దున బస్టాండులో వైజాగ్ బస్సు. వాళ్ళమ్మ వాసన రాకుండా ఏడు కవర్లు చుట్టిన ఎండుచేపల పొట్లం ఇచ్చి, కొడుకు తల నిమిరి, కొట్టు చూసుకోవాలని ముందే వెళ్ళిపోయింది. ట్రంకుపెట్టె నేనే బస్సు మీదకి ఎక్కించాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మధ్యాహ్నం అన్నం మానెయ్యకు బావా. నువ్వు లెక్కల్లో పడితే తినవు."

"సరే" అన్నాను.

డ్రైవరు హారను కొట్టాడు. మర్చిపోయింది నువ్వు కాదని అందరికీ చెప్తాను, అనాలనుకున్నాను. బస్సు చాలాసేపటికి గానీ కదలలేదు. దానికి ఒక గేదె అడ్డం వచ్చింది, దాన్ని తోలడానికి క్లీనరు దిగాడు, మళ్ళీ ఎక్కాడు. వాడు నా చెయ్యి వదల్లేదు. నేను నోరు విప్పలేదు.

వాడు వైజాగ్‌లో పెద్దవాడయ్యాడని విన్నాను. మొదట్లో ఉత్తరాలు రాశాడు. జవాబులు రాశాను, అన్నిటి గురించీ రాశాను, ఈ ఒక్కదాని గురించి తప్ప. తర్వాత ఇద్దరికీ తగ్గిపోయాయి. బందరులో ఆనాటి ఓనరు గారికీ, గుడివాడ అక్కకీ, అవనిగడ్డలో వాళ్ళమ్మకీ ఇప్పటికీ తెలిసినదేమిటంటే, ఆ ఉత్తరం మర్చిపోయింది వాడు, కాపాడింది నేను.

అది తప్పు. పుస్తకంలో రాయనిది నేను.